ఇత్తడి గొట్టం పుట్టిన పని

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్నవాళ్లు ఈ ఇత్తడి గొట్టాన్ని ఒకసారి పట్టుకుని చూడండి. బరువుగా ఉంటుంది, జాగ్రత్త. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో కొన్నాను. "రాజా దీన్ దయాళ్ వాడిన కెమెరా లెన్స్ సార్" అన్నాడు అమ్మినాయన. ఆ వీధిలో ఇత్తడి లెన్స్ ఏది కనబడినా నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ దీన్ దయాళ్‌దే లెండి.

దీని మీద పేరు లేదు. ఉన్నా పెద్దగా లాభం లేదు, చాలాసార్లు అది అమ్మిన దుకాణం పేరే అవుతుంది. అందుకని గాజునే అడిగాను. రాత్రి లైట్లార్పి, లోపలికి చిన్న టార్చి వేసి మెరుపు చుక్కలు లెక్కపెట్టాను. గాలి తగిలే ప్రతి గాజు ముఖం ఒక చుక్కను గట్టిగా మెరిపిస్తుంది. రెండు గాజులు అతికించిన చోట చుక్క మసకగా ఉంటుంది. ముందు భాగంలో రెండు మెరుపులు, ఒక మసక. వెనక నాలుగూ మెరుపులే. అంటే ముందు జంట అతికించింది, వెనక జంట మధ్య గాలి ఉంది.

ఎగిరి గంతేశాను. ఇది వియన్నా గణిత ఆచార్యుడు యోజెఫ్ పెట్స్‌వాల్ 1840లో లెక్కగట్టిన అమరిక! ఫోయిక్ట్‌లెండర్ కంపెనీ తయారుచేసిన ఆ లెన్స్ ఎఫ్ 3.6; ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగేర్ కెమెరా లెన్స్ దాదాపు ఎఫ్ 15. అంటే వెలుగు పదిహేను రెట్లకు పైనే. నిమిషాల తరబడి బిగదీసుకుని కూర్చునే మనుషులకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేం, పోర్ట్రెయిట్ లెన్స్ దొరికిందని నలుగురికీ చెప్పేశాను.

తొందరపడ్డాను. మ్యాజిక్ లాంతర్లకూ ఇదే అమరిక వాడారు, గాజు స్లైడును గోడ మీద వెయ్యాలంటే వెలుగు బాగా రావాలి కదా. మరి తేడా ఎక్కడ? 1858లో జాన్ వాటర్‌హౌస్, కెమెరాలోకి వచ్చే వెలుగును తగ్గించేందుకు చిల్లులున్న రేకులను గొట్టంలోకి దూర్చే పద్ధతి చెప్పాడు. ఆ తర్వాతి పోర్ట్రెయిట్ లెన్సుల్లో చాలావాటికి ఆ రేకు కోసం పక్కన సన్నని గాడి ఉంటుంది. దీనికి లేదు. అంతకు ముందువాటికీ ఉండదు కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు. అసలు గుట్టు లోపలి గొట్టంలో ఉంది. మర తిప్పే పనే లేదు, లాగితే జారి వచ్చేస్తుంది. హాలు పొడవును బట్టి వేరే గొట్టం మార్చుకునేందుకు లాంతర్లకు చేసిన ఏర్పాటు ఇది.

మొన్న గురువారం వెళ్లి ఆ అమ్మినాయనకు విషయం చెప్పాను. ఏమాత్రం తడుముకోకుండా, "అయితే దీన్ దయాళ్ గారింటి లాంతరుది సార్" అన్నాడు.