లియోన్ పాతబస్తీలో పాతకాలపు హోటల్: లిఫ్ట్ ఎందుకు ఉండదు, ఏ గది అడగాలి

(దృశ్యం: సోన్ నది ఒడ్డు. వెనక ఫూర్వియేర్ కొండ, దాని పాదాల దగ్గర ఎర్ర పెంకుల కప్పులు.)

నమస్కారమండి. ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లు చాలామంది పారిస్ చూసుకుని అటునుంచి అటే స్విట్జర్లాండ్ వెళ్లిపోతారు. మధ్యలో లియోన్ ఉంది. పారిస్ నుంచి టీజీవీ అనే వేగవంతమైన రైల్లో సుమారు రెండు గంటల ప్రయాణం. ఆ ఊళ్లో కనీసం రెండు రాత్రులు ఆగమని నేను అందరికీ చెబుతుంటాను. అదీ స్టేషన్ పక్కన పెద్ద చెయిన్ హోటల్లో కాదు, పాతబస్తీలో, నాలుగైదు వందల ఏళ్ల ఇంట్లో నడిపే చిన్న హోటల్లో.

అయితే ముందే ఒక మాట. అలాంటి హోటల్లో లిఫ్ట్ ఉండకపోవచ్చు. ఏసీ ఉండకపోవచ్చు. గది ఇరుకు. టాక్సీ గుమ్మం దాకా రాదు. రివ్యూలు చదివితే వీటి మీదే ఫిర్యాదులు కనిపిస్తాయి. కానీ ఇవన్నీ ఆ ఇల్లు కట్టిన తీరు నుంచి, దాన్ని కాపాడుతున్న చట్టం నుంచి వచ్చినవి. మనకు అక్కడ నచ్చే అందం కూడా వాటి నుంచే వచ్చింది. అది అర్థమైతే, బుక్ చేసేముందు ఏం అడగాలో మీకే తెలిసిపోతుంది.

(దృశ్యం: మ్యాప్. ఒకవైపు నది, ఒకవైపు కొండ, మధ్యలో సన్నటి పట్టీలా పాతబస్తీ.)

మ్యాప్ చూడండి. పాతబస్తీని అక్కడ వ్యూ లియోన్ అంటారు. ఇటు సోన్ నది, అటు ఫూర్వియేర్ కొండ. మధ్యలో ఉన్న నేల చాలా తక్కువ. 1463లో పదకొండో లూయీ రాజు ఈ ఊరికి ఏడాదికి నాలుగు సంతలు జరుపుకునే హక్కు ఇచ్చాడు. దాంతో ఇటలీ నుంచి వర్తకులు, వడ్డీ వ్యాపారులు వచ్చి దిగారు. 1536లో మొదటి ఫ్రాన్స్వా రాజు పట్టు నేతకు అనుమతులు ఇచ్చాక డబ్బు ఇంకా పెరిగింది. డబ్బుంది, జనం ఉన్నారు, నేల లేదు. అందుకని వీధివైపు సన్నగా, లోపలికి పొడుగ్గా, పైకి ఎత్తుగా ఇళ్లు కట్టుకున్నారు. వీధిమీద ఒక కట్టడం, మధ్యలో వాకిలి (అంటే పైకప్పు లేని ఖాళీ స్థలం), వెనకాల ఇంకో కట్టడం. రెండింటికీ కలిపి వాకిట్లో ఒకే మెట్ల గోపురం. మెట్ల నుంచి అటూ ఇటూ వెళ్లడానికి రాతి వరండాలు.

వీధులేమో నదికి సమాంతరంగా పోతాయి, అడ్డవీధులు చాలా తక్కువ. ఒక వీధి నుంచి పక్క వీధికి వెళ్లాలంటే చుట్టూ తిరగాలి. అందుకని ఇళ్ల లోపలి నుంచే దారులు పెట్టుకున్నారు. వాటినే ట్రబూల్ అంటారు.

(దృశ్యం: మెట్ల గోపురం లోపల. కెమెరా కింద నుంచి పైకి తిరుగుతుంది.)

ఇప్పుడు మెట్ల సంగతి. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీ బసలో సగం సుఖం, సగం కష్టం ఇక్కడే ఉంది.

ఈ మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్తాయి. మధ్యలో రాతి స్తంభం. ప్రతి మెట్టూ గోడవైపు వెడల్పుగా, స్తంభం వైపు వేలెడంతగా ఉంటుంది. వందల ఏళ్లుగా జనం నడిచీ నడిచీ రాయి మధ్యలో అరిగి గుంటపడి ఉంటుంది. దిగేటప్పుడు గోడవైపే నడవండి, ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకోండి. మనం అమెరికాకో లండన్‌కో తీసుకెళ్లే 28 అంగుళాల పెట్టె ఇక్కడ మలుపు తిరగడమే కష్టం. దానికి బదులు రెండు చిన్న పెట్టెలు తెచ్చుకోండి. పెద్ద పెట్టె తప్పదనుకుంటే, రెండు రాత్రులకు కావలసినవి చిన్న బ్యాగులో సర్దుకుని, పెట్టెను కింద రిసెప్షన్లో ఉంచుకుంటారా అని ముందే మెయిల్లో అడగండి.

ఇంకో చిన్న విషయం. మెట్లమీద లైటు ఎప్పుడూ వెలిగి ఉండదు. గోడకు చిన్నగా మెరుస్తున్న బటన్ ఉంటుంది, నొక్కితే కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోతుంది. సగం మెట్లెక్కాక చీకటైతే కంగారు పడకండి. అక్కడే నిలబడి చుట్టూ చూడండి, తర్వాతి బటన్ మెరుస్తూ కనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నారా? అయితే మొదటి అంతస్తు కావాలని అడిగి, రాతపూర్వకంగా ఖాయం చేయించుకోండి. అది దొరకకపోతే నదికి అవతల, ఊరి నడిబొడ్డున ఉన్న ప్రెస్కీల్ వైపు లిఫ్ట్ ఉన్న హోటల్ తీసుకోవడం మంచిది. పెద్దవాళ్లు రోజుకు రెండుసార్లు ఆ మెట్లెక్కి దిగడం చూస్తే మీకు ట్రిప్పులో మనసు నిలవదు. అన్నట్టు, అమెరికా నుంచి వచ్చే మన తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోండి: ఫ్రాన్స్‌లో అంతస్తుల లెక్క మన ఇండియాలో లాగే. మొదటి అంతస్తు అంటే ఒక అంతస్తు ఎక్కాలి.

(దృశ్యం: పాత నలుపు-తెలుపు రంగుల్లో వీధి బొమ్మ, పక్కనే 1962, 1964 అంకెలు.)

మరి లిఫ్ట్ ఎందుకు పెట్టరు? దీనికి జవాబు కోసం అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఈ పాతబస్తీ బాగా శిథిలమైపోయింది. పేదవాళ్లు ఇరుకిరుకుగా ఉండేవారు. నగర పాలకులు దీని మధ్యలోంచి పెద్ద రోడ్డు వేయాలని ఆలోచించారు. బస్తీవాసులు, చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు కలిసి గట్టిగా ఎదిరించారు. అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో 1962 ఆగస్టులో ఒక చట్టం తెచ్చాడు. ఒక్కో కట్టడాన్ని విడివిడిగా కాకుండా, మొత్తం బస్తీనే కాపాడే చట్టం అది. 1964లో ఆ చట్టం కింద ఫ్రాన్స్ మొత్తంలో మొదట రక్షణ పొందింది ఈ వ్యూ లియోనే. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి లియోన్ చారిత్రక ప్రాంతం చేరింది.

ఆనాడు ఆ రోడ్డు పడి ఉంటే ఈ వీడియో తీయడానికి ఈ వీధులే ఉండేవి కావు. నన్నడిగితే, లిఫ్ట్ లేకపోవడం దాని ముందు చాలా చిన్న విషయం.

ఆ చట్టం వల్ల ఇంటి ముందు భాగమే కాదు, లోపలి మెట్లు, వరండాలు, పాత పొయ్యి గూళ్లు కూడా రక్షణ కిందికి వస్తాయి. కిటికీ మార్చాలన్నా, బయట ఏసీ డబ్బా బిగించాలన్నా, వారసత్వ కట్టడాలను చూసే ప్రభుత్వ ఆర్కిటెక్ట్ ఒప్పుకోవాలి. మెట్ల గోపురం కూలగొట్టి లిఫ్ట్ పెడతామంటే ఒప్పుకోరు. వికలాంగులకు అనుకూలంగా కట్టడాలు ఉండాలని 2005లో ఫ్రాన్స్ చట్టం చేసింది కానీ, అందులోనూ వారసత్వ కట్టడాలకు మినహాయింపు తీసుకునే వీలుంది. కాబట్టి వీల్‌చైర్ అవసరమున్నవాళ్లు ఫొటోలు చూసి బుక్ చేయకండి, తప్పకుండా అడగండి.

(దృశ్యం: మూసి ఉన్న చెక్క కిటికీ తలుపులు, సందుల్లోంచి ఎండ గీతలు.)

ఏసీ గురించి. లియోన్‌లో జులై, ఆగస్టుల్లో వేడి బాగానే ఉంటుంది. ఈమధ్య సంవత్సరాల్లో 40 డిగ్రీలు తాకిన రోజులూ ఉన్నాయి. మందపాటి రాతిగోడల వల్ల కింది అంతస్తులు చల్లగానే ఉంటాయి. పెంకుల కప్పు కిందున్న అటక గదులే ఉడికిస్తాయి. ఫొటోల్లో దూలాలు కనబడుతూ, ఏటవాలు కప్పుతో అన్నిటికన్నా ముద్దొచ్చేవి ఆ గదులే. వేసవిలో మాత్రం వద్దు. పొద్దున ఎండ పడకముందే బయటి చెక్క తలుపులు మూసేసి, రాత్రి తెరవండి. ఇది మన పల్లెటూళ్లలో అమ్మమ్మలు చేసే పనే, కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

మంచి కాలమంటే మే, జూన్, సెప్టెంబరు.

(దృశ్యం: గది. పైన రంగులద్దిన దూలాలు, కింద కాస్త వంగిన చెక్క నేల.)

గది సైజు. ఫ్రాన్స్‌లో హోటల్ స్టార్లు ప్రభుత్వ సంస్థ ఆతూ ఫ్రాన్స్ ఇస్తుంది, ఐదేళ్లకోసారి మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. వాళ్లు చూసేది కొలతలు, సౌకర్యాలు, రిసెప్షన్ ఎన్ని గంటలు ఉంటుంది, ఇలాంటివి. రెండు స్టార్ల హోటల్లో ఇద్దరి గది, బాత్రూమ్ కాకుండా, 9 చదరపు మీటర్లు ఉంటే చాలు. అంటే మన లెక్కలో పది అడుగులకు పది అడుగులు కూడా పూర్తిగా రాదు. ఇంటి వయసుకు, రాతి వరండా అందానికి మార్కులు లేవు. అందుకే అద్భుతమైన ఇంట్లో ఉన్న హోటల్‌కి రెండో మూడో స్టార్లే ఉండొచ్చు. స్టార్లు చూసి తీసిపారేయకండి.

మంచం వెడల్పు కూడా అడగండి. పాత హోటళ్లలో డబుల్ బెడ్ అంటే 140 సెంటీమీటర్లే ఉంటుంది. 160 కావాలంటే చెప్పాలి. ఒకే హోటల్లో రెండు గదులు ఒకలా ఉండవు కాబట్టి, పక్క గది ఫొటో చూసి మన గది అనుకోవద్దు.

వీధివైపు గదా, వాకిలి వైపు గదా? పాతబస్తీలోని సాన్‌జాన్ వీధి రాత్రి పొద్దుపోయేదాకా రెస్టారెంట్ల జనంతో సందడిగా ఉంటుంది. నిద్ర ముఖ్యమైతే వాకిలి వైపు. నాకైతే అదే ఇష్టం. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా మెట్ల గోపురం, వరండాలు కనిపిస్తాయి. వెలుతురు మాత్రం తక్కువ.

బాత్రూమ్ విషయం మాత్రం జాగ్రత్తగా వినండి. ఇవి మొదట్లో బాత్రూములు లేని ఇళ్లు. తర్వాత గది మూలలో ఇరికించినవి. షవర్ ఉన్న చోట తప్ప బయట నేలమీద నీళ్లు పోయే తూము ఉండదు. మన ఇళ్లలో లాగా నేలంతా తడిపితే నీళ్లు చెక్క నేలలోకి దిగి, కింది గది కప్పు పాడవుతుంది. కప్పుమీద పాత రంగుల పని ఉంటే దాన్ని మళ్లీ తెచ్చుకోలేరు. షవర్ తెర లోపలికి వేసుకుని స్నానం చేయండి, పిల్లలకు ముందే చెప్పండి. టాయిలెట్లో హ్యాండ్ షవర్ ఉండదు, చిన్న సీసా ఒకటి పెట్టుకోండి.

రైస్ కుక్కర్ తెచ్చుకుంటామనేవాళ్లకు ఒక విన్నపం. చెక్క దూలాలు, పాత వైరింగ్ ఉన్న ఇల్లు. గదిలో వంట వద్దు. వంట చేసుకోవాలనుంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఆవకాయ, కందిపొడి తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి మాత్రం యూరప్‌లోకి తేనివ్వరు. పాలు, మాంసంతో చేసినవాటికి అనుమతి లేదు. ఫోన్ ఛార్జర్ మన రెండు పిన్నులది అక్కడ సరిపోతుంది, మూడు పిన్నుల ప్లగ్గులకు అడాప్టర్ కావాలి.

(దృశ్యం: కమాను కప్పు ఉన్న నేలమాళిగ, బల్లల మీద బ్రెడ్, వెన్న, జామ్.)

బ్రేక్‌ఫాస్ట్ చాలాచోట్ల గది ధరలో కలిసి ఉండదు. నేలమాళిగలో రాతి కమాన్ల కింద పెడతారు, ఒక్కరోజైనా అక్కడ కూర్చుని తినండి. బ్రెడ్, వెన్న, జామ్, క్రొసాన్, కాఫీ. కారంగా, వేడిగా ఏదో ఉంటుందని ఎదురుచూడొద్దు. మిగతా రోజులు వీధి చివరి బేకరీ చాలు. లియోన్ వంటకు పేరున్న ఊరే కానీ, బుషోన్ అనే అక్కడి సంప్రదాయ భోజనశాలల్లో ఎక్కువగా పంది మాంసమే. శాకాహారులు మీగడలో వండిన బంగాళదుంపల గ్రాతిన్, మూలికలు కలిపిన తాజా చీజ్ అడగొచ్చు. కెనెల్ మాత్రం చూడ్డానికి పిండివంటలా ఉన్నా, సాధారణంగా అందులో చేప ఉంటుంది.

(దృశ్యం: మెట్రో గుర్తు, రాళ్లు పరిచిన వీధిలో పెట్టె లాక్కెళ్తున్న చక్రాలు.)

చేరుకోవడం. విమానాశ్రయం నుంచి రోన్‌ఎక్స్‌ప్రెస్ ట్రామ్ అరగంటలోపు పార్ట్‌ద్యూ స్టేషన్‌కి చేరుస్తుంది. అక్కడి నుంచి మెట్రోలో పాతబస్తీకి రావాలి; దిగాల్సిన వ్యూ లియోన్ స్టేషన్ మెట్రో 'డి' లైనులో ఉంది. దిగాక నడకే. వీధులు చాలావరకు వాహనాలు రానివి, రాళ్లు పరిచినవి. రాత్రి విమానమైతే ఇంకో జాగ్రత్త: చిన్న హోటళ్లలో రిసెప్షన్ రాత్రంతా ఉండదు. ఎన్నింటికి వస్తారో ముందురోజే రాయండి, వీధి తలుపు కోడ్ పంపుతారు. దాన్ని కాగితం మీద కూడా రాసుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోతే బయటే నిలబడాలి.

హోటల్లో పాస్‌పోర్ట్ అడిగి ఒక ఫారం నింపిస్తారు. అది విదేశీయులందరికీ ఉన్న నియమం. గది అద్దె కాక, తలకి రాత్రికి ఇంత అని బస పన్ను ఉంటుంది. 18 ఏళ్లలోపు పిల్లలకు లేదు. లోపలికి వెళ్లగానే ముందు "బోంజూర్" అనండి. అది అనకుండా ప్రశ్న అడిగితే అక్కడ మర్యాద కాదు.

వీసా కోసం బుక్ చేసేవాళ్లు ప్రతి రాత్రికీ బస కాగితం చూపాలి. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. వీసా వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న ధరే తీసుకోండి, కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు.

(దృశ్యం: సాన్‌జాన్ వీధి 54 నంబరు తలుపు. తెరుచుకుని, పొడవాటి చీకటి దారి.)

ఇక అక్కడ ఉన్నందుకు దక్కేది ఇది. సాన్‌జాన్ వీధిలో 54 నంబరు తలుపు తోసుకుని లోపలికి వెళ్తే, వాకిళ్లు దాటుకుంటూ బఫ్ వీధి 27 దగ్గర తేలతారు. పాతబస్తీలో అన్నిటికన్నా పొడవైన ట్రబూల్ అదే. పగలు టూరిస్టు గుంపులతో నిండి ఉంటుంది. అక్కడే బస చేసినవాళ్లు పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు నడవొచ్చు. అయితే ఆ వాకిళ్ల చుట్టూ కుటుంబాలు కాపురముంటున్నాయి. నగరంతో ఒప్పందం చేసుకుని మనల్ని రానిస్తున్నారు. గొంతు తగ్గించి మాట్లాడండి, వాళ్ల కిటికీల్లోకి కెమెరా పెట్టకండి.

నేతపని అంటే ఇష్టమున్నవాళ్లు ఒక పూట క్రువా రూస్ కొండకు వెళ్లండి. అక్కడి ఇళ్ల కప్పులు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు, పెద్ద మగ్గాలు పట్టాలని అలా కట్టారు. చిల్లుల అట్టలతో నడిచే జకార్డు మగ్గం 1800ల మొదట్లో రూపుదిద్దుకున్నది ఈ ఊళ్లోనే. ధర్మవరం పట్టుచీర అంచు నేసే మగ్గం మీద ఈనాటికీ ఉండే జకార్డు పెట్టె పేరు ఈ ఊరి జోసెఫ్ మరీ జకార్డ్‌దే.

డిసెంబరు 8కి అటూఇటూగా దీపాల పండుగ జరుగుతుంది. ఊరు చాలా బాగుంటుంది, హోటళ్లు మాత్రం నెలల ముందే నిండిపోతాయి, ధరలు చుక్కలంటుతాయి. ఆ రోజుల్లో వెళ్లాలనుంటే వేసవిలోనే బుక్ చేసుకోండి. మామూలు రోజుల్లో అయితే హోటల్‌కి నేరుగా నాలుగు ముక్కలు రాయండి: వాకిలి వైపు గది, రెండో అంతస్తు దాటకుండా, 160 మంచం, ఫలానా గంటకు వస్తాం. చిన్న హోటళ్లలో ఆ మెయిల్ చదివి గది కేటాయించేది చాలాసార్లు యజమానే.