సంచిలో మునక్కాడలు, చెవిలో మిషెల్ లెగ్రాన్ | పారిస్ వ్లాగ్

హాయ్ అండీ అందరికీ, ఎలా ఉన్నారు, ఇవాళ శనివారం కదా మామూలుగానే సరుకులకి లా షపెల్ వచ్చాం. పారిస్‌లో ఉండే మనవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ కొత్తగా చూసేవాళ్ళ కోసం చెప్తున్నా, ఇక్కడ శ్రీలంక తమిళవాళ్ళ షాపులు వరసగా ఉంటాయి, కరివేపాకు, మునక్కాడలు, చింతపండు ఏది కావాలన్నా ఇక్కడికే రావాలి. బియ్యం బస్తా పట్టుకుని మా ఆయన ఇంటికెళ్ళిపోయారు, నేను మాత్రం ఈ సంచితో లైన్ 2 మెట్రో ఎక్కేశా. ఇదిగో చూడండి, మునక్కాడలు పైకి పొడుచుకొచ్చి పక్కాయన కోటుకి తగులుతున్నాయి, పాపం ఆయన ఏమీ అనట్లేదు. ఈ లైన్ ఇక్కడ వంతెన మీద పోతుంది కాబట్టి వెలుతురు బాగానే ఉంది, జోరెస్ స్టేషన్ దాటాక భూమి కిందకి దిగిపోద్ది, అప్పుడు వీడియో చీకటిగా వస్తే ఏమనుకోకండి.

వెళ్ళేది పేర్ లాషేజ్‌కి, అంటే శ్మశానమే అండీ. మా అత్తయ్యగారికి తెలిస్తే శనివారం పూట కూరగాయల సంచితో అక్కడికేం పనే, ముందు తలస్నానం చెయ్యి అంటారు. కానీ ఇక్కడ జనం పార్కుకి వచ్చినట్టే వస్తారు, దాదాపు 44 హెక్టార్లు, అంటే మన లెక్కలో వంద ఎకరాల పైనే, అంతా ఎత్తుపల్లాల రాళ్ళదారి, హీల్స్ వేసుకొస్తే అంతే సంగతులు. టూరిస్టులంతా గాయని ఎడిత్ పియాఫ్ ఎక్కడ, రాక్ సింగర్ జిమ్ మారిసన్ ఎక్కడ అని వాళ్ళ సమాధులు అడుగుతుంటారు, నేను వచ్చింది మాత్రం ఫ్రెంచ్ సినిమా సంగీత దర్శకుడు మిషెల్ లెగ్రాన్ కోసం. సమాధుల మీద కెమెరా పెట్టడం నాకు ఇష్టం ఉండదు, అందుకని చెట్ల కింద నడుస్తూ ఆయన గురించి చెప్పేస్తా.

ఆయన పుట్టింది 1932లో పారిస్‌లో. నాన్న రేమోన్ లెగ్రాన్ పేరున్న ఆర్కెస్ట్రా లీడరే, కానీ పిల్లాడికి మూడేళ్ళప్పుడే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, అమ్మది ఆర్మేనియన్ మూలాలున్న కుటుంబం, ఆవిడే కష్టపడి ఇతన్నీ అక్క క్రిస్టియాన్‌నీ పెంచింది. ఇంట్లో ఒక పాత పియానో ఉండేది, బడి అంటే గిట్టని ఈ పిల్లాడు రేడియోలో విన్న పాటలన్నీ దాని మీద వెతుక్కుంటూ కూర్చునేవాడు. పదేళ్ళు దాటాయో లేదో పారిస్ కన్సర్వేటరీలో, అంటే పెద్ద సంగీత కళాశాలలో చేరాడు, అక్కడ నాదియా బూలాంజే అని ఒక టీచరమ్మ, సంగీతం నేర్చుకునేవాళ్ళకి ఆవిడ పేరు చెబితే చాలు లేచి నిలబడతారు, అమెరికా సంగీత దర్శకుడు క్విన్సీ జోన్స్ కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. అంత క్లాసికల్ చదువు చదివి ఈయన చేసిందేంటంటే 1956లో రచయిత బోరిస్ వియాన్, గాయకుడు ఆంరీ సాల్వడోర్‌లతో కలిసి మారుపేర్లు పెట్టుకుని రాక్ అండ్ రోల్‌ని ఎగతాళి చేస్తూ పాటలు రికార్డ్ చేశాడు, ఫ్రెంచ్‌లో వచ్చిన తొలి రాక్ పాటల్లో అవీ ఉన్నాయి, వెక్కిరింపుగా మొదలైన పని చరిత్రలోకి ఎక్కేసింది చూడండి.

దానికి ముందే 1954లో అమెరికా కంపెనీ వాళ్ళ కోసం పారిస్ పాటల ఆర్కెస్ట్రా రికార్డు ఒకటి చేశాడు, అది లక్షల్లో అమ్ముడుపోయింది, ఈయనకి మాత్రం 200 డాలర్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు, రాయల్టీ లేదు. ఆ మొహమాటంతో నీకు నచ్చిన రికార్డు చేసుకోవయ్యా అన్నారట, ఈయన 1958లో న్యూయార్క్‌లో జాజ్ వాళ్ళని పోగేశాడు, ట్రంపెట్ మైల్స్ డేవిస్, శాక్సఫోన్ కోల్ట్రేన్, పియానో బిల్ ఎవాన్స్. వయసు 26. మైల్స్ గురించి అందరూ ముందే భయపెట్టారట, అతను లేటుగా వస్తాడు, గుమ్మం దగ్గరే నిలబడి వింటాడు, నచ్చితే లోపలికొచ్చి కూర్చుంటాడు, నచ్చకపోతే అట్నుంచటే వెళ్ళిపోతాడు అని. మైల్స్ వచ్చాడు, విన్నాడు, పెట్టె తెరిచాడు. వాయించాక ఎలా ఉంది అని ఈ కుర్రాణ్ణే అడిగాడట కూడా. ఈ కథ ముసలితనంలోనూ ఇంటర్వ్యూల్లో మురిసిపోతూ చెప్పుకునేవాడు, నేనైతే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకునేదాన్ని.

ఇక సినిమాలు. ఫ్రెంచ్ డైరెక్టర్ ఆన్యెస్ వార్దా సినిమా 'క్లేయో 5 నుంచి 7 వరకు'కి సంగీతం ఇచ్చి, అందులో హీరోయిన్ ఇంటికొచ్చి అల్లరి చేసే పియానో కుర్రాడి వేషం కూడా తనే వేశాడు. వార్దా వాళ్ళాయన జాక్ దెమీ, ఆయనా డైరెక్టరే, లెగ్రాన్ అసలు జోడీ ఆయనే. వీళ్ళిద్దరూ కలిసి 1964లో 'షెర్‌బూర్ గొడుగులు' తీశారు, కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద ప్రైజ్ కొట్టింది. సినిమా మొత్తం పాటే అండీ, ఒక్క మాట కూడా మామూలుగా ఉండదు. షెర్‌బూర్ రేవులో గొడుగుల కొట్టు అమ్మాయి, గ్యారేజీలో మెకానిక్ అబ్బాయి, అతన్ని అల్జీరియా యుద్ధానికి పిలుస్తారు, ఈ పిల్ల కడుపుతో ఉంటుంది, వాళ్ళమ్మ బాకీల గొడవల్లో ఉంటుంది. కథ ఇంతే. మొదటి సీన్‌లోనే గ్యారేజీలో ఒకడు నాకీ ఆపెరాలు పడవు, అందరూ పాడుతుంటే విసుగు, సినిమానే నయం అంటాడు, ఆ మాట కూడా పాడుతూనే అంటాడు. క్లైమాక్స్‌లో పెట్రోల్ బంకు, మంచు కురుస్తుంటుంది, గుండె పిండేసే సీన్, మధ్యలో బంకు కుర్రాడొచ్చి సూపరా ఆర్డినరీనా అని రాగం తీస్తాడు. నవ్వు రాదు, అదే లెగ్రాన్ పనితనం. పాటగా పాడాల్సిన బాధకీ పెట్రోల్ బేరానికీ ఒకే సంగీతంలో చోటిచ్చాడు, ఏదీ అతికించినట్టు ఉండదు.

మా ఫ్రెంచ్ కొలీగ్‌కి దీంట్లో వింతగా అనిపించేది ఇంకోటుంది, తెర మీద హీరోయిన్ కాథరీన్ దెనవ్, గొంతు వేరే ఆవిడది. నాకు ఇందులో వింతేంటో అర్థం కాలేదు, ఘంటసాల, సుశీలమ్మ పాటలతో పెరిగినదాన్ని నేను. పాటలన్నీ ముందే రికార్డ్ చేసేశారు, షూటింగ్‌లో అది ప్లే చేస్తుంటే యాక్టర్లు పెదాలు కదిపారు, మన స్టూడియోల్లో నాగ్రా టేప్ రికార్డర్ మీద పాట వేసి చేసినట్టే. కాకపోతే ఒక పాటకి కాదు, సినిమా పొడుగూతా, అంటే ప్రతి మాట ఎంతసేపు, ఎక్కడ ఊపిరి, ఎక్కడ తలుపు తెరవాలి అన్నది షూటింగ్‌కి ముందే సంగీత దర్శకుడు తేల్చేశాడన్నమాట, సగం డైరెక్షన్ ఆయనదే అంటా నేను. దెనవ్‌కి పాడింది డానియెల్ లికారి, హీరోయిన్ తల్లికి పాడింది లెగ్రాన్ సొంత అక్క క్రిస్టియాన్. నాకు కాస్త కోపం ఎక్కడంటే, సినిమా చూసిన పదిమందిని అడగండి, దెనవ్ పేరు పదిమందీ చెప్తారు, లికారి పేరు ఎంతమంది చెప్తారు? మన దగ్గర సుశీలమ్మ ఎవరికి పాడారో పిల్లలు కూడా చెప్పేవాళ్ళు, ఈ విషయంలో మనవాళ్ళే బెటర్, ఏమంటారు.

హాలీవుడ్ సంగతి త్వరగా చెప్పేస్తా, ఆస్కార్లు మూడు, నామినేషన్లు 13. మొదటిది 1968 సినిమా 'థామస్ క్రౌన్ అఫైర్'లో గాలిమరల పాటకి, బాణీ ఈయనది, మాటలు బెర్గ్‌మన్ దంపతులవి. ఆ సినిమాకి మన పద్ధతికి ఉల్టా చేశారు, ఎడిటింగ్ పూర్తయ్యాక రీరికార్డింగ్ కాదు, గంటలకొద్దీ ఉన్న రఫ్ కట్, అంటే ఇంకా సరిగ్గా ఎడిట్ చెయ్యని సినిమా, ఒకసారి చూసి వెళ్ళి సంగీతం రాసుకొచ్చాడు, దానికి తగ్గట్టు సినిమా కోశారు. రెండోది 'సమ్మర్ ఆఫ్ 42', మూడోది గాయని, నటి బార్బ్రా స్ట్రైసాండ్ 'యెంటిల్'. యెంటిల్ నాకు కొంచెం తీపి ఎక్కువైందనిపిస్తుంది, ఫ్యాన్స్ తిట్టకండి. ఎనభై ఆరేళ్ళకి, 2019 జనవరిలో పోయాడు, అంతకుముందు సంవత్సరమే అమెరికా డైరెక్టర్ ఆర్సన్ వెల్స్ ఎప్పుడో వదిలేసిన సినిమా ఒకటి వేరేవాళ్ళు పూర్తిచేస్తే దానికీ సంగీతం ఈయనే.

చూడాలనుకుంటే మాత్రం గొడుగుల సినిమాతో మొదలెట్టకండి, ఆదివారం పాడైపోద్ది. ముందు 1967లో వచ్చిన 'రోష్‌ఫోర్ అమ్మాయిలు' చూడండి, దెనవ్, ఆవిడ సొంత అక్క ఫ్రాన్స్‌వాజ్ దోర్లియాక్ కవలలుగా వేశారు, హాలీవుడ్ డాన్సర్ జీన్ కెల్లీ కూడా ఉన్నాడు, ఊళ్ళో కిటికీ తలుపులకి కూడా రంగులేయించి తీశారు. ఇందులో మామూలు డైలాగులున్నాయి కాబట్టి ఇంట్లోవాళ్ళు మధ్యలో లేచిపోరు, కవలల పాట రాగానే సౌండ్ పెంచండి.