స్టాన్‌ఫర్డ్ ఫుట్‌బాల్ మళ్లీ లేస్తుందా? బెంచీ మీద కూర్చున్నవాడికే తాళాలిచ్చారు

నమస్తే అండీ. స్టాన్‌ఫర్డ్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది ఎమ్మెస్ అడ్మిషన్. ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉండేవాళ్లకైతే, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లి, ఆ పెద్ద చర్చి ముందు నిలబెట్టి ఫొటో తీసి, మళ్లీ కారెక్కించేసే చోటు. అదే క్యాంపస్‌లో యాభై వేల మంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. దాని పక్కన కాల్‌ట్రెయిన్ స్టేషన్ కూడా ఉంది. మామూలు రోజుల్లో అక్కడ బండి ఆగదు. మ్యాచ్ ఉన్న రోజే ఆగుతుంది, మన దగ్గర తిరునాళ్లప్పుడు మాత్రమే బస్సు ఆగే ఊళ్లు ఉంటాయి చూడండి, అలా.

ఈ మధ్య కొన్నేళ్లుగా బండి ఆగుతోంది గానీ, స్టేడియంలో సీట్లు ఖాళీ. ఎందుకుండవు? 2021లో మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. 2022లో అంతే. 2023, 2024 కూడా అంతే. నాలుగేళ్లు జిరాక్స్ తీసినట్టు ఒకటే లెక్క. 2025లో నాలుగు గెలిచి ఎనిమిది ఓడారు. ఆ ఒక్క గెలుపు తేడాకే అభిమానులు ఊపిరి పీల్చుకున్నారంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

ఒకప్పుడు ఇలా లేదు. 2010లో ఆడిన పదమూడు మ్యాచ్‌ల్లో పన్నెండు గెలిచి, దేశంలో నాలుగో ర్యాంకుతో సీజన్ ముగించారు. ఆ తర్వాత డేవిడ్ షా కోచ్‌గా 2012, 2013, 2015లో అప్పటి తమ లీగ్ పాక్-12 కప్పు కొట్టారు. మన పిల్లలు 49ర్స్ జెర్సీ వేసుకుని తిరుగుతున్నారే, క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ అని వీపు మీద పేరుతో, ఆ మెక్‌కాఫ్రీ ఇక్కడి కుర్రాడే.

ఆ 2010 టీమ్‌కి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి చేతిలో పెట్టుకుని ఆట మొత్తం నడిపేవాడు, ఆండ్రూ లక్. దేశంలో బెస్ట్ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీకి వరసగా రెండేళ్లు రెండో స్థానంలో నిలిచాడు. 2012లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఇండియానాపొలిస్ కోల్ట్స్ మొట్టమొదటి పిక్‌గా ఎంచుకుంది. దెబ్బల మీద దెబ్బలు తగిలి, ముప్పై నిండకుండానే 2019లో ఆట మానేశాడు. తర్వాత మళ్లీ స్టాన్‌ఫర్డ్‌కే వచ్చి చదువుకున్నాడు. 2024 నవంబర్‌లో అదే కాలేజీ ఫుట్‌బాల్‌కి జనరల్ మేనేజర్‌గా కూర్చున్నాడు. కోచ్‌ని పెట్టేదీ తీసేదీ అతనే. 2025 మార్చిలో పాత కోచ్‌ని తీసేసి, కోల్ట్స్‌లో తనకి కోచింగ్ ఇచ్చిన ఫ్రాంక్ రైక్‌ని ఆ ఒక్క సీజన్‌కి తెచ్చాడు. ఆ నవంబర్‌లోనే అసలు కోచ్ పేరు చెప్పాడు. టవీటా ప్రిచర్డ్.

ఈ ప్రిచర్డ్ ఎవరో తెలియాలంటే 2007 అక్టోబర్ 6కి వెళ్లాలి. ఆ కథ చెప్పకుండా నేను ముందుకు కదల్లేను, ఓపిక పట్టండి.

అంతకు ముందు ఏడాది స్టాన్‌ఫర్డ్ ఒక్కటి గెలిచి పదకొండు ఓడింది. ఆ రోజు మ్యాచ్ లాస్ ఏంజెలెస్‌లో, యూఎస్‌సీతో. యూఎస్‌సీ అప్పుడు దేశంలో రెండో ర్యాంకు, సొంత మైదానంలో వరసగా 35 మ్యాచ్‌లు గెలిచి ఉంది. స్టాన్‌ఫర్డ్ 41 పాయింట్ల తేడాతో ఓడుతుందని బెట్టింగ్ వాళ్ల లెక్క. పైగా స్టాన్‌ఫర్డ్ అసలు క్వార్టర్‌బ్యాక్‌కి ఒంట్లో బాగోక, ప్రిచర్డ్ అనే రెండో ఏడాది కుర్రాణ్ని దింపారు. మొదటి నుంచీ తనే ఆడటం అతనికి అదే మొదటిసారి.

ఆట చివరికి వచ్చేసరికి యూఎస్‌సీ 23, స్టాన్‌ఫర్డ్ 17. ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. స్టాన్‌ఫర్డ్‌కి మిగిలింది నాలుగో ప్రయత్నం, వెనక్కి పోవడంతో వెళ్లాల్సింది ఇరవై గజాలు. ప్రిచర్డ్ విసిరాడు, రిచర్డ్ షెర్మన్ పట్టాడు. అవును, తర్వాత సీటెల్‌లో డిఫెన్స్ స్టార్ అయిన షెర్మనే, అప్పట్లో బంతి పట్టేవాడు. మళ్లీ కాసేపటికి ఇంకో నాలుగో ప్రయత్నం, ఈసారి గోల్ గీతకి పది గజాలు. మార్క్ బ్రాడ్‌ఫర్డ్ ఎడమ మూలకి పరిగెత్తాడు. బంతి పైకి లేపి వేశాడు ప్రిచర్డ్. బ్రాడ్‌ఫర్డ్ ఎగిరి, డిఫెండర్ తల మీదుగా అందుకున్నాడు. టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు. గడియారంలో నిమిషం కూడా లేదు. ఎక్స్‌ట్రా పాయింట్‌తో 24-23.

కానీ నాకు ఆ మ్యాచ్ కన్నా దాని తర్వాత జరిగిందే ముఖ్యం. 2009లో కొత్త కుర్రాడొచ్చి ప్రిచర్డ్ చోటు లాక్కున్నాడు. ఆ కొత్త కుర్రాడే ఆండ్రూ లక్. యూఎస్‌సీని కొట్టిన హీరో బెంచీ మీద కూర్చున్నాడు. అలిగి వేరే కాలేజీకి పోలేదు. ఆ సీజన్ చివర్లో లక్ వేలికి దెబ్బ తగిలితే, డిసెంబర్ 31న సన్ బౌల్‌లో ఆడింది మళ్లీ ప్రిచర్డే. బౌల్ అంటే సీజన్ అయ్యాక, బాగా ఆడిన టీమ్‌లకి పెట్టే ప్రత్యేక మ్యాచ్. ఓక్లహోమా మీద 31-27తో ఓడారు గానీ, టీమ్‌కి అవసరమైన రోజున మనిషి అక్కడ ఉన్నాడు.

ఇప్పుడైతే ఉంటాడా? రోజులు మారాయండీ. కాలేజీ మారాలనుకునేవాళ్ల కోసం ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఉంది, అందులో పేరు పెట్టి మరుసటి సీజన్‌కే ఇంకో కాలేజీలో ఆడుకోవచ్చు. డబ్బులూ ఇస్తారు. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ వచ్చాక ఒక్కో కాలేజీ ఆ విద్యాసంవత్సరానికి 20.5 మిలియన్ డాలర్ల దాకా తన ఆటగాళ్లకి నేరుగా పంచొచ్చు. ఐపీఎల్ వేలం ప్రతి ఏడాదీ, అందరు ఆటగాళ్లకీ జరిగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

దీన్ని వాడుకున్న టీమ్ ఇండియానా. 2023లో వాళ్లదీ స్టాన్‌ఫర్డ్ లెక్కే, మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. కర్ట్ సిగ్నెటి కోచ్‌గా వచ్చి, తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి పదిమందికి పైగా వెంటబెట్టుకొచ్చాడు. 2024లో పదకొండు గెలిచారు. 2025 సీజన్‌లో పదహారుకి పదహారు గెలిచి జాతీయ చాంపియన్లయ్యారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోసా హైస్‌మన్ కొట్టాడు. అతను ఎక్కణ్నుంచి వచ్చాడు? బర్క్లీ నుంచి. స్టాన్‌ఫర్డ్‌కి బద్ధ శత్రువైన కాల్ నుంచి! 2024లో ఆ రెండు కాలేజీల మధ్య జరిగే బిగ్ గేమ్‌లో, చివర్లో 98 గజాలు టీమ్‌ని నడిపించి స్టాన్‌ఫర్డ్‌ని 24-21తో ముంచింది అతనే.

"మరి మనమూ ఇండియానాలా చేయొచ్చుగా" అని స్టాన్‌ఫర్డ్ అభిమానులు అడుగుతారు. చేయలేరు. అక్కడ డిగ్రీలో వేరే కాలేజీ నుంచి చేరాలంటే ఆ అడ్మిషన్ ఆఫీసు గడప దాటాలి. మన పిల్లల్ని అడగండి, ఆ గడప ఎంత ఎత్తో. పాతికమంది లైన్‌మెన్‌ని జనవరిలో తెచ్చి ఆగస్టులో ఆడించేద్దామంటే వాళ్ల పద్ధతి ఒప్పుకోదు. పీజీకి వచ్చేవాళ్లతో కొంత దారి ఉంది, కానీ దాంతో టీమ్ మొత్తం మారదు.

డబ్బు సంగతి. పాక్-12 విడిపోయాక 2024లో స్టాన్‌ఫర్డ్ ఏసీసీలో చేరింది. పేరేమో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, ఈ కాలేజీ ఉన్నదేమో పసిఫిక్ ఒడ్డున, నవ్వొస్తుంది కదా. మ్యాచ్‌కి బోస్టన్, పిట్స్‌బర్గ్ దాకా పోవాలి. పైగా మొదటి ఏడేళ్లు టీవీ డబ్బులో 30 శాతమే తీసుకుంటామని ఒప్పుకుని చేరారు. ఇంటిల్లిపాదీ ఒకే పంక్తిలో కూర్చున్నా వీళ్ల విస్తట్లో మూడో వంతు కన్నా తక్కువే వడ్డిస్తున్నారన్నమాట. అయితే స్టాన్‌ఫర్డ్ పేదదేం కాదు, దాని నిధి 35 బిలియన్ డాలర్లకి పైనే. లేనిది ఫుట్‌బాల్ మీద పెట్టే మనసు. అది ఇప్పుడిప్పుడే కదులుతోంది. 2025లో నైకీ మాజీ సీఈఓ జాన్ డొనహో అథ్లెటిక్ డైరెక్టర్‌గా వచ్చాడు. అదే ఏడాది ఇక్కడే ఒకప్పుడు ఆడిన బ్రాడ్‌ఫర్డ్ ఫ్రీమన్ 50 మిలియన్ డాలర్లు ఫుట్‌బాల్‌కే ఇచ్చాడు. ఇది మీకూ నాకూ ఎందుకంటారా? ఈతలో, జిమ్నాస్టిక్స్‌లో ఒలింపిక్ మెడల్స్ తెచ్చే కాలేజీ ఇది. పారిస్‌లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు తెచ్చినవే 39. 2020లో డబ్బుల్లేవని పదకొండు ఆటలు ఎత్తేస్తామన్నారు, గొడవయ్యాక 2021లో వెనక్కి తగ్గారు. ఫుట్‌బాల్ డబ్బు తేకుండా మూలనపడితే ఆ చర్చ మళ్లీ వస్తుంది.

సరే, నా అంచనా అడిగితే చెప్తాను, తర్వాత కామెంట్స్‌లో తిట్టుకోండి. 2026 ప్రిచర్డ్‌కి మొదటి సీజన్. నాలుగో ఐదో గెలిస్తే చాలు, అంతకన్నా అడగను. 2027లో ఆరు గెలిచి ఏదో ఒక బౌల్ గేమ్‌కి వెళ్లాలి. అప్పటికీ వెళ్లకపోతే నేనే నిలదీస్తా. ప్లేఆఫ్ మాట ఇప్పట్లో ఎత్తొద్దు. ఆశ లేదా అంటే ఉంది. 2025లో ఫ్లోరిడా స్టేట్‌ని 20-13తో కొట్టారు. బిగ్ గేమ్‌లో కాల్‌ని 31-10తో చిత్తు చేశారు, 2020 తర్వాత మొదటిసారి. ఇంకో సంగతి, ఆ ఏడాది ఏసీసీ కప్పు కొట్టింది డ్యూక్. అదీ స్టాన్‌ఫర్డ్ లాంటి చదువుల కాలేజీనే, ఏడు గెలుపులు ఐదు ఓటములతో ఫైనల్‌కొచ్చి గెలిచింది. అంటే ఈ కాన్ఫరెన్స్‌లో తలుపు తాళం వేసి లేదు. కాకపోతే డ్యూక్ కూడా క్వార్టర్‌బ్యాక్‌ని టులేన్ నుంచి తెచ్చుకుంది, అదీ చెప్పాలి.

2007లో స్టాన్‌ఫర్డ్ కోచ్‌గా జిమ్ హార్బా మొదటి ఏడాదీ సరిగ్గా నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములే. బౌల్ చూడటానికి మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్లూ కుర్రాళ్లు ఆగారు. ఇప్పుడు లక్, ప్రిచర్డ్ చేయాల్సిన అసలు పని అదే: హైస్కూల్ నుంచి తెచ్చిన కుర్రాణ్ని, రెండేళ్లు బెంచీ మీద కూర్చున్నా సరే, మూడో ఏడు దాకా పోనివ్వకుండా పట్టుకోవడం. ఆ మాట ఒక కుర్రాడి ఎదురుగా కూర్చుని చెప్పడానికి వీళ్లిద్దరికన్నా తగినవాళ్లు ఈ దేశంలో లేరని నా నమ్మకం. ఒకడు చోటు లాక్కున్నవాడు, ఇంకొకడు పోగొట్టుకుని కూడా ఉండిపోయినవాడు.

అందుకే నేను సెప్టెంబర్ స్కోర్లు చూసి తీర్పు ఇవ్వను. సీజన్ అయ్యాక పోర్టల్ తెరుస్తారు కదా, 2026లో జనవరి 2 నుంచి 16 దాకా తెరిచారు. ఈ సీజన్ అయ్యాక మళ్లీ తెరిచినప్పుడు ఆ లిస్టులో స్టాన్‌ఫర్డ్ నుంచి ఎవరి పేర్లున్నాయో చూస్తాను. మొదటి, రెండో ఏడాది కుర్రాళ్ల పేర్లు ఎన్నుంటే అంత బెంగ. ఆ లిస్టు వచ్చిన రోజు రాత్రే వీడియో పెడతా, ఉంటాను.