తొంభై రోజుల్లో లేచిన రన్‌వే

శ్రోతలందరికీ నమస్కారం.

వరంగల్ నుంచి ఖమ్మం రోడ్డు మీద పోయేవాళ్లకు మామునూరు తెలిసిందే. నిజాం హయాంలో 1930లో అక్కడ విమానాశ్రయం కట్టారు. 1981 దాకా నడిచింది, తర్వాత మూతపడింది. మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు కావాలని తేల్చారు, భూసేకరణకు రాష్ట్రం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దాంతో చాయ్ హోటళ్ల దగ్గర మాటలన్నీ ఎకరాల చుట్టూ, పరిహారం చుట్టూ తిరుగుతున్నాయి. రన్‌వే కింద ఏముంటుంది, దాని చుట్టూ ఏముండకూడదు అన్న మాట మాత్రం అరుదుగా వినబడుతుంది. ఎయిర్‌ఫీల్డ్ ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేవి ఈ రెండే. ఇది పుట్టుక నుంచి మూసివేత దాకా స్పష్టంగా కనబడే చోటు ఒకటుంది. జర్మనీలో, బెర్లిన్ నగరంలో, టేగెల్. సైనిక రవాణా విమానాల కోసం 1948లో కట్టారు, 2020లో మూసేశారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బెర్లిన్‌ను నాలుగు దేశాలు పంచుకున్నాయి. పడమటి భాగం అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ చేతుల్లో ఉంది, చుట్టూ ఉన్న ప్రాంతమంతా సోవియట్ సైన్యం ఆధీనంలో ఉంది. 1948 జూన్ 24న సోవియట్లు రైలు, రోడ్డు, కాలువ దారులన్నీ బంద్ చేశారు. లోపల ఇరవై లక్షలకు పైగా జనం. మిగిలిన దారి గాలిలోది ఒక్కటే. పిండి, పాలపొడి, మందులు, అన్నిటికంటే ఎక్కువగా బొగ్గు విమానాల్లోనే పోవాలి.

రోజుకు కనీసం నాలుగు వేల టన్నులు చేరితే తప్ప ఊరు నిలవదని లెక్క తేలింది. ఇది ఎంతో మన సింగరేణి వాళ్లకు చెప్పనక్కరలేదు. 58 వ్యాగన్ల గూడ్సు ర్యాకు ఒక్కటి మోసే బొగ్గు దాదాపు అంతే ఉంటుంది. రామగుండం సైడింగుల్లో అదో మామూలు రైలు. అదే బరువు గాలిలో మోయాలంటే చూడండి: డకోటా విమానం మూడు టన్నులకు లోపే ఎత్తుతుంది, నాలుగు ఇంజన్ల స్కైమాస్టర్ అయితే తొమ్మిది టన్నుల దాకా మోస్తుంది. ఒక ర్యాకు సరుకుకు నాలుగు వందలకు పైగా స్కైమాస్టర్లు కావాలి, అదీ ప్రతిరోజూ, మంచు కురిసినా పొగమంచు కమ్మినా.

విమానాలు తెచ్చారు గానీ అవి దిగే నేల సరిపోలేదు. అమెరికా వాళ్ల టెంపెల్‌హోఫ్‌లో అంతకు ముందు గడ్డి మైదానమే ఉండేది. 1945లో దాని మీద చిల్లుల ఇనుప పలకలు పరిచి రన్‌వే చేశారు. ఒక్కో పలక పది అడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, ముప్పై కిలోల బరువు. అంచుకున్న కొక్కేలు పక్క పలకలోకి దిగి బిగుసుకుంటాయి. యుద్ధంలో అడవుల్లో, దీవుల్లో గంటల మీద రన్‌వేలు పరచడానికి పనికొచ్చిన సరుకు ఇది. పన్నెండు టన్నుల డకోటాకు ఓర్చుకుంది. సరుకుతో ముప్పై టన్నుల దగ్గరికి వచ్చే స్కైమాస్టర్ మూడు నిమిషాలకొకటి చొప్పున దిగుతుంటే మాత్రం కింది రాళ్లు కదిలిపోయాయి, పలకలు వంగాయి, కొక్కేలు తెగాయి, పైకి లేచిన అంచులు టైర్లను కోయసాగాయి. రెండు వందల మందికి పైగా కూలీలు పారలు, ఇసుక, డాంబరు పట్టుకుని రన్‌వే పక్కనే నిలబడేవాళ్లు. విమానం దాటగానే పరుగున పోయి గుంత పూడ్చాలి, తర్వాతి విమానం లైట్లు కనబడగానే పక్కకు రావాలి. మరమ్మతు అనే మాటకు ఇంతకంటే కష్టమైన అర్థం ఉండదేమో.

అందుకే ఇంకో ఎయిర్‌ఫీల్డ్ కావాల్సొచ్చింది. ఫ్రెంచి వాళ్ల భాగంలో టేగెల్ దగ్గర ఖాళీ నేల ఉంది. ఒకప్పుడు అది ఫిరంగుల చాందమారీ మైదానం. ఆ పక్కనే, మన మామునూరు కట్టిన 1930లోనే, కొందరు యువ ఇంజనీర్లు రాకెట్లు ఎగరేసి చూశారు. తర్వాతి రోజుల్లో చంద్రుడి మీదికి మనిషిని పంపిన రాకెట్ వెనక ఉన్న వెర్నర్ ఫాన్ బ్రౌన్ వాళ్లలో ఒకడు. టెంపెల్‌హోఫ్ చుట్టూ నాలుగైదంతస్తుల ఇళ్లున్నాయి, టేగెల్‌కు ఆ బెడద లేదు.

1948 ఆగస్టు 5న పని మొదలైంది. అమెరికా సైనిక ఇంజనీర్లు పర్యవేక్షించారు, కూలీలు బెర్లిన్ వాళ్లే, దాదాపు 19,000 మంది. వాళ్లలో సగానికి దగ్గరగా ఆడవాళ్లు. మూడు షిఫ్టులు, రాత్రి లైట్ల కింద కూడా పని. కూలి డబ్బుతో పాటు షిఫ్టుకో పూట వేడి భోజనం పెట్టారు. ముట్టడిలో ఉన్న ఊళ్లో జనాన్ని రప్పించింది ఎక్కువగా ఆ భోజనమే.

ఇక కంకర. బయటి నుంచి కంకర తేవాలంటే బొగ్గు ఆపి విమానాల్లో తేవాలి, అది కుదరదు. అయితే ఊరి నిండా బాంబులకు కూలిన ఇళ్ల ఇటుక ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటినే లారీల్లో, తట్టల్లో మోసుకొచ్చి, మరలో నలిపి, దాదాపు రెండడుగుల మందం పరిచారు. రోలర్ తిప్పి గట్టిపరిచాక పైన సన్నరాయి, ఆపైన డాంబరు. మన పల్లెల్లో మెటల్ రోడ్డు వేసే పద్ధతే, మందం మాత్రం కొన్ని రెట్లు. పగిలిన ఇటుకకు కోణాలుంటాయి కాబట్టి ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కదలవు, సందుల్లోంచి నీళ్లు కిందికి జారిపోతాయి. దాని లోపమూ చెప్పాలి: ఇటుక నీళ్లు పీలుస్తుంది, బరువు కింద నలిగి పొడి అవుతుంది. ఆ పొడి సందులు మూసేస్తే నీళ్లు నిలుస్తాయి, చలికి అవి గడ్డకట్టి ఉబ్బి పై పొరను పగలగొడతాయి. టేగెల్ నేల ఇసుక నేల కావడం కలిసొచ్చింది, నీళ్లు నిలవవు.

మన వైపు సంగతి వేరు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద ఎంత మంచి డాంబరు పోసినా రెండు మూడు వానాకాలాల్లో అలలు తేలుతుంది. తవ్వి తీసేసి మొరం నింపి పొరలు పొరలుగా రోలర్ తిప్పాల్సిందే. చల్క నేల దొరికితే ఆ ఖర్చు చాలా తగ్గుతుంది. పాత రన్‌వే అప్పటి చిన్న విమానాలను మోసింది కదా అని ఇప్పటి జెట్‌ను దింపడానికి లేదు. కింది పొరల మందం, గట్టిదనం గుంతలు తవ్వి చూశాకే ఏ విమానమో తేలుతుంది.

పెద్ద యంత్రాల తిప్పలు ఇంకోటి. బుల్‌డోజర్లు, రోలర్లు, రాళ్లు నలిపే మరలు విమానం తలుపులో పట్టవు. అందుకని వాటిని గ్యాస్ కటింగ్‌తో ముక్కలు కోసి, ముక్కకో నంబరు వేసి, ఎగరేసి తెచ్చి, టేగెల్‌లో వెల్డింగ్ చేసి మళ్లీ నిలబెట్టారు. నవంబరు 5న మొదటి విమానం దిగింది. చెప్పుకునే తొంభై రోజుల లెక్క ఇదే.

రన్‌వే సిద్ధమైంది గానీ దిగే దారికి దగ్గర్లో సోవియట్ల నడుపుదలలో ఉన్న రేడియో స్తంభాలు నిలబడి ఉన్నాయి. రేడియోలో మాట్లాడుతూ రేడియో స్తంభాల కూల్చివేత చెప్పడం కొంచెం ఇబ్బందే, అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి. తీసెయ్యమని అడిగితే జవాబు రాలేదు. డిసెంబరు 16న ఫ్రెంచి కమాండర్ జనరల్ గనెవాల్ వాటిని పేల్చేయించాడు. ఎలా కూల్చావని సోవియట్ అధికారి నిలదీస్తే "డైనమైట్‌తో" అన్నాడని ఒక మాట ప్రచారంలో ఉంది.

ఈ అడ్డు సంగతి ఇప్పటికీ మారలేదు. పరికరాల సాయంతో విమానాలు దిగే రన్‌వేకు అంతర్జాతీయ నియమం ఇది: రన్‌వే చివర దాటిన దగ్గర్నుంచి ప్రతి యాభై మీటర్ల దూరానికి ఒక్క మీటరు చొప్పున పెరిగే వాలు గీసుకుని, దానికి పైకి ఏదీ పొడుచుకు రాకూడదు. అంటే కిలోమీటరు దూరంలో ఇరవై మీటర్ల దగ్గరే హద్దు. బాగా ఎదిగిన తాటిచెట్టు ఆ హద్దును తాకుతుంది. సెల్ టవర్, పెద్ద కరెంటు టవర్ల లైను, ఏడెనిమిదంతస్తుల అపార్టుమెంటు సంగతి వేరే చెప్పాలా? ఎయిర్‌పోర్టు వస్తుందని భూమి కొని మేడ కట్టాలనుకునేవాళ్లు ముందు ఈ హద్దు కనుక్కోవాలి.

టేగెల్‌లో పని ఎలా సాగిందంటే, బెర్లిన్ మీదికి మూడు గాలి దారులు, ఒక్కోటి ముప్పై రెండు కిలోమీటర్ల వెడల్పు. పక్క రెండూ వచ్చేవాటికి, నడిమిది వెళ్లేవాటికి. మొదటి ప్రయత్నంలో దిగలేకపోతే గాలిలో చక్కర్లు కొట్టడానికి వీల్లేదు. సరుకుతో సహా వెనక్కి పోవాల్సిందే. ఆగస్టు 13న విమానాలు గాలిలో గుంపుగా పేరుకుపోయి ప్రమాదాలు జరిగాక ఈ విమానాల సరఫరాను నడిపించిన అమెరికా జనరల్ టన్నర్ పెట్టిన నియమమిది. దిగిన విమానం అరగంటలో ఖాళీ అయి లేవాలి. పైలట్లు విమానం వదిలి పోకుండా క్యాంటీన్ బండే వాళ్ల దగ్గరికి వచ్చేది.

బొగ్గును మొదట సైనికుల గుడ్డ సంచుల్లో, తర్వాత గోనె సంచుల్లో, కాగితపు సంచుల్లో పంపారు. ఎంత కట్టినా దుమ్ము ఆగదు. నేల చెక్కల సందుల్లోంచి దిగి రెక్కలను, తోకను కదిలించే తీగల మీద పేరుకునేది, కరెంటు కలిసే చోట్ల చేరి పని చెడగొట్టేది. బొగ్గు గనిలో యంత్రాలు చూసేవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. ఉప్పు ఇంకా ప్రమాదం, తుప్పు పట్టిస్తుంది. దాన్ని సముద్రం నీళ్లకు తట్టుకునేలా పూత వేసిన నీటి విమానాల్లో తెచ్చి హావెల్ సరస్సులో దించారు. సరస్సు గడ్డకట్టాక మామూలు విమానాల పొట్ట కింద పెట్టెలు కట్టి మోశారు.

1949 ఏప్రిల్ 15 మధ్యాహ్నం నుంచి 16 మధ్యాహ్నం దాకా బెర్లిన్‌లో దాదాపు 1,400 విమానాలు దిగాయి, 11,700 టన్నుల బొగ్గు తెచ్చాయి. మే 12న దిగ్బంధం ఎత్తేశారు. సెప్టెంబరు 30న విమానాల సరఫరా ఆగేసరికి లెక్క 21 లక్షల టన్నులు, 2 లక్షల 77 వేలకు పైగా ప్రయాణాలు. మన గూడ్సు ర్యాకుల లెక్కలో చెబితే అయిదారు వందల రైళ్లు.

తర్వాత పదేళ్లు టేగెల్ ఫ్రెంచి సైన్యం స్థావరంగా నిశ్శబ్దంగా గడిపింది. టెంపెల్‌హోఫ్ రన్‌వే పొడిగించడానికి ఇళ్లు అడ్డు, జెట్లకు పొడవు కావాలి. దాంతో 1960 జనవరిలో ఎయిర్ ఫ్రాన్స్ ఇక్కడికి మారింది, 1975 నాటికి అన్నీ మారాయి. 1974లో ఆరు కోణాల టెర్మినల్ కట్టారు. కారు దిగి కొన్ని అడుగులు నడిస్తే విమానం గేటు. జనానికి అది తెగ నచ్చింది. తనిఖీలు పెరిగాక అదే తలనొప్పి అయింది, ప్రతి గేటుకూ వేరే తనిఖీ యంత్రం, వేరే సిబ్బంది కావాల్సొచ్చింది. 2019లో 2 కోట్ల 40 లక్షల మంది ప్రయాణించారు, అంతమందికి కట్టింది కాదది.

1948లో ఖాళీగా ఉన్న చుట్టుపక్కలంతా అప్పటికి ఊరు. లక్షల మంది ఇళ్ల మీదుగా విమానాల మోత. కొత్త బ్రాండెన్‌బర్గ్ విమానాశ్రయం తెరవగానే టేగెల్ మూయాలన్నది ముందే కుదిరిన షరతు. 2012 జూన్‌లో తెరవాల్సింది, పొగను బయటికి లాగే అగ్నిమాపక ఏర్పాటు పనిచేయక ఎనిమిదేళ్లు ఆలస్యమైంది. ఎలాగూ మూసేదే కదా అని పెద్ద మరమ్మతులు చేయకుండానే ఆ ఎనిమిదేళ్లూ నడిపారు. 2017లో ఓటింగ్ పెడితే 56 శాతం మంది మూయొద్దన్నారు, అయినా షరతే నిలిచింది. 2020 నవంబరు 8న చివరి విమానం పారిస్‌కు లేచింది. దాన్ని ఎగరేసింది మళ్లీ ఎయిర్ ఫ్రాన్సే. ఏదైనా అవసరం పడుతుందేమోనని ఇంకో ఆరు నెలలు అనుమతి ఉంచుకుని, 2021 మే 4న దాన్నీ వదులుకున్నారు.

ఇప్పుడక్కడ పరిశోధన సంస్థలు, కాలేజీ, ఇళ్లు రాబోతున్నాయి. టెర్మినల్ రక్షిత కట్టడం, దాన్ని కూల్చరు. ఇళ్లకు పునాది తీయడానికి ముందు మాత్రం నేలను గజం గజం యంత్రాలతో వెతకాలి. చాందమారీ రోజుల గుండ్లు, యుద్ధంనాటి పేలని బాంబులు కింద ఉన్నాయి. ఎయిర్‌ఫీల్డ్‌గా ఉన్నన్నాళ్లూ వాటి జోలికి ఎవరూ పోనక్కర లేకపోయింది, ఇప్పుడు వాటిని తీయడానికే ఏళ్లు పడుతున్నాయి.

నమస్కారం.