ముచ్చట: నలుగురు చాలు, 14 మంది ఎందుకు?

తమ్ముడు: నమస్కారం. హనుమకొండ నుంచి మన ముచ్చట మళ్లీ మొదలైంది. చిన్న బృందాలు సమస్యలను ఎలా పరిష్కరిస్తాయన్నది ఈ వారం విషయం. అక్కా, ఈసారి మాత్రం మాట మళ్లించి మీ చెరువు కథల్లోకి వెళ్లవద్దు.

అక్క: వెళ్లను. ఆ కథలు రాసుకున్న నా పచ్చ డైరీ సాక్షి.

తమ్ముడు: ఆ డైరీ సంగతి తెలిసిన శ్రోతలు ఎవరూ నమ్మరు. సరే, ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు రింగెల్‌మాన్ 1913లో ప్రచురించిన తాడు లాగే ప్రయోగాల్లో, మనుషులు పెరిగినకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. ఇక మా అపార్ట్‌మెంట్ సంగతికి వస్తాను.

అక్క: విషయం అప్పుడే అయిపోయిందా?

తమ్ముడు: మోటారు నడుస్తున్నా ట్యాంకు నిండడం లేదని 14 మందిమి సెల్లారులో మూడు గంటలు కూర్చుని, బోరు ఎండిందని కొందరు, మోటారు మార్చాలని కొందరు వాదించుకున్నాం. మరునాడు నలుగురం పైకెక్కి మూత తీస్తే, ట్యాంకులోకి నీళ్లు వదిలే ఫ్లోట్ వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవాలంటే 14 మంది మధ్య 91 జతలు, నలుగురి మధ్య ఆరే. అందుకే నలుగురైతే పని జరుగుతుంది.

అక్క: లెక్క సరైనదే, కారణం తప్పు. ఆ సాయంత్రం వాచ్‌మన్ ఎక్కడున్నాడు?

తమ్ముడు: లిఫ్టు పక్కన. రెండుసార్లు "సార్" అన్నాడు. మరునాటి నలుగురిలో అతనూ ఒకడు. మూత తీయకముందే వాల్వు అని చెప్పాడు.

అక్క: చూశావా! 2010లో సైన్స్ పత్రికలో పరిశోధకురాలు ఆనిటా వూలీ, ఆమె సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉండే బృందాల్లో 699 మందిని పరిశీలిస్తే, బృందం సత్తాకు సభ్యుల సగటు తెలివితో బలమైన సంబంధం కనిపించలేదు. మాట వంతులు సమానంగా పడినచోట, ఎదుటివారి మనసు కనిపెట్టేవారు ఉన్నచోట పని బాగా సాగింది. మా చెరువు కింద పొలాలకు నీళ్లు వదిలే నీరటి కూడా...

తమ్ముడు: డైరీ!

అక్క: తూము మూసేముందు ఆయకట్టు చివరి మడి దాకా నడిచి, బురదలో కాలు దించి, నీళ్లు చీలమండ దాటాయా లేదా చూసేవాడు.

తమ్ముడు: నిర్ణయం అతనొక్కడిదే అయినప్పుడు మాట వంతులెక్కడ?

అక్క: చివరి మడి రైతు గట్టు మీదే ఉండేవాడు కదా.

తమ్ముడు: మా వాచ్‌మన్ కూడా లిఫ్టు పక్కనే ఉన్నాడు, అక్కా, అయినా మాట వంతు రాలేదు.

అక్క: అది నాకు తట్టలేదు.

తమ్ముడు: అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చేసి 1958లో ప్రచురించిన ప్రయోగంలో, విడివిడిగా రాసిన నలుగురి ఆలోచనలను కలిపితే, కలిసి కూర్చున్న నలుగురికన్నా ఎక్కువ వచ్చాయి. మేమూ ముందే తలా ఒక చీటీ రాసి ఉంటే బాగుండేది.

అక్క: వాచ్‌మన్‌కు చీటీ ఇచ్చేవారా?

తమ్ముడు: మా 14 మందికి 14 చీటీలే చింపేవాళ్లం.

అక్క: అందుకే, చెరువు నిండి మత్తడి దుంకిన ఏడాది నీరటి ఏం చేశాడంటే...

తమ్ముడు: అక్కా, మైకు బ్యాటరీ ఎర్రగా వెలుగుతోంది.