గ్యాసు లేని బాయి

శ్రోతలందరికీ నమస్కారం.

సింగరేణి ప్రాంతంలో బొగ్గు గనిని బాయి అంటారు. "మీ నాయన ఏడి?" అని అడిగితే "బాయికి పోయిండు" అని పిల్లలు చెబుతారు. ఇవాళ నేను చెప్పబోయే బాయి మాత్రం మన దగ్గరిది కాదు. ఉత్తర ఫ్రాన్సులో లాన్స్ పట్టణం పక్కన, కూరియేర్ కంపెనీ గనులవి. 1906 మార్చి 10, శనివారం. పొద్దున ఆరున్నర ప్రాంతం. మొదటి షిఫ్టు వాళ్ళు 1,600 మందికి పైగా అప్పటికే లోపలికి దిగారు. వాళ్ళలో 1,099 మంది చనిపోయారు. యూరప్ బొగ్గు గనుల్లో ఇంతకు మించిన ప్రమాదం ఇంకోటి జరగలేదు.

ఆ రోజుల్లో అక్కడ 13 ఏళ్ళ పిల్లల్ని కూడా బాయిలోకి పంపేవారు. అందుకే కొన్ని ఇళ్ళలో తండ్రీ, కొడుకులూ ఒకే పొద్దున పోయారు.

దీనికి ముందే ఒక హెచ్చరిక ఉంది. ప్రమాదానికి కొద్ది రోజుల ముందు లోపల సెసిల్ అనే బొగ్గు పొరలో నిప్పంటుకుంది. గోడలు కట్టి, గాలి అందకుండా చేసి దాన్ని ఆర్పాలని చూస్తున్నారు. కార్మికుల ప్రతినిధి పియేర్ సిమోన్, అందరూ రిక్ అని పిలిచేవారాయన్ని, మంట పూర్తిగా ఆరేదాకా ఎవర్నీ దించొద్దని అడిగాడు. కంపెనీ వినలేదు. పని ఆగలేదు.

ఆ గనుల్లో గ్యాసు, అంటే బొగ్గులోంచి వెలువడి నిప్పు తగిలితే పేలే మీథేన్, లేదని పేరు. బొగ్గు బాయి అంటే అందరికీ గ్యాసు భయమే కదా. అది లేదు కాబట్టి ఇది క్షేమమైన బాయి అనుకున్నారు. ఆ ధీమాతోనే జాలీ కప్పిన దీపాలు కాకుండా, మంట బయటికే ఉండే దీపాలు పట్టుకుని తిరిగారు. మొదటి నిప్పు ఆ దీపం నుంచి పుట్టిందా, లోపల రాజుకుంటున్న మంట నుంచా, పేలుడు మందు నుంచా అన్నది ఈనాటికీ తేలలేదు. కానీ పేలింది గ్యాసు కాదు, బొగ్గు పొడి.

వీధి నాటకం చూసినవాళ్ళకు ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. రాక్షస వేషం రంగం మీదికి వచ్చేటప్పుడు కాగడా మీదికి గుగ్గిలం పొడి విసిరేవారు. భగ్గుమని మంట లేచేది, ముందు వరసలో పిల్లలు జడుసుకునేవారు. అదే గుగ్గిలం గడ్డగా నిప్పుల మీద వేస్తే మెల్లగా పొగలు చిమ్ముతుందంతే. పొడి గాలిలోకి లేస్తే ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది, అన్నీ ఒక్కసారే అంటుకుంటాయి. బొగ్గు పొడీ అంతే. బాయిలో అది నేల మీద, గోడల మీద, దూలాల మీద వేలి మందాన పేరుకుని ఉంటుంది. మొదటి పేలుడు ఊపు పక్కనున్న పొడిని లేపుతుంది, వెనకే వచ్చే మంట దాన్ని అంటిస్తుంది, ఆ ఊపు ఇంకాస్త ముందున్న పొడిని లేపుతుంది. కూరియేర్‌లో ఒక బాయికీ ఇంకో బాయికీ లోపల్లోపల దారులున్నాయి. 110 కిలోమీటర్ల సొరంగాల్ని ఆ పేలుడు నిమిషాల్లో చుట్టేసింది. మంటకు చిక్కనివాళ్ళను ఆ తర్వాత కమ్ముకున్న కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చంపింది.

ఆ మరుసటి ఏడే ఫ్రాన్సు లియెవాన్‌లో పరిశోధన కేంద్రం పెట్టింది. తాఫనెల్ అనే ఇంజనీరు అక్కడ బొగ్గు పొడిని కావాలని పేల్చి చూశాడు. బొగ్గు పొడికి రాతిపొడి కలిపితే మంట ముందుకు సాగదని అప్పటి పరిశోధనల్లో గట్టిపడింది. మన దేశంలో భూగర్భ గనుల్లో రాతిపొడి చల్లాలనే నిబంధన వెనక ఉన్నది ఈ జ్ఞానమే. సింగరేణి బాయి దిగినవాళ్ళకు ఆ తెల్లటి గోడలు తెలుసు.

ఇంక నా మనసును పట్టి పీడించే విషయానికి వస్తాను. జర్మనీ నుంచి, అంతకు 35 ఏళ్ళ కిందట ఫ్రాన్సుతో యుద్ధం చేసిన దేశం నుంచి, గని కార్మికులు ఊపిరి పరికరాలు తగిలించుకుని సాయానికి వచ్చారు. అంత జరుగుతున్నా కంపెనీ ఇంజనీర్లు మూడు రోజులకే లోపల ఎవరూ బతికి లేరని తేల్చేశారు. మంటను అదుపు చేసి బాయిని కాపాడుకునే పని పట్టుకున్నారు. 13వ తేదీన, మంచు కురుస్తుండగా, మొదటి సామూహిక అంత్యక్రియలు జరిగాయి. కడుపు మండిన కార్మికులు సమ్మెకు దిగారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపింది.

మార్చి 30న, అంటే ఇరవై రోజులకు, రెండో నంబరు బాయి దగ్గరికి 13 మంది తమంతట తామే నడిచి వచ్చారు. అన్ని రోజులూ చీకట్లో తడుముకుంటూ తిరిగారు. చనిపోయినవాళ్ళ దగ్గర దొరికిన తిండి తిన్నారు. లోపలి గుర్రాల కొట్టంలో దాణాగా ఉన్న ఓట్స్ గింజలు తిన్నారు, కలప దుంగల బెరడు నమిలారు, గుర్రాన్ని చంపి మాంసం తిన్నారు. వాళ్ళలో ప్రూవో అనే తండ్రీ, ఆయన కొడుకు ఆన్సెల్మ్ కూడా ఉన్నారు.

ఆ వార్త విన్న ఆడవాళ్ళను తలుచుకోండి. దినాలు కూడా అయిపోయిన ఇళ్ళలో మళ్ళీ ఆశ. మా ఆయనా నడిచి వస్తాడేమో, మా పిల్లాడు ఏ మూల ఉన్నాడో. ఆ వెనకే కోపం: ఆపకుండా వెతికి ఉంటే ఇంకెందరు దొరికేవారు? గేటు దగ్గర జనం మళ్ళీ గుమిగూడారు. ఏప్రిల్ 4న బెర్తూ అనే ఆయన ఒక్కడు ప్రాణాలతో బయటపడ్డాడు. ఆయన తర్వాత పైకి వచ్చినవన్నీ శవాలే.

నమస్కారం.