మందు బిళ్ల మత్తు బిళ్లగా మారే చోటు

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

విద్యార్థులకు, తల్లిదండ్రులకు, అధ్యాపకులకు నమస్కారం.

ఏడు రోడ్ల కూడలి దగ్గర ఇరవై ఏళ్లకు పైగా మందుల దుకాణం నడుపుతున్నాను. మన జిల్లాలో మత్తు అనగానే అందరికీ సరిహద్దు కొండల నుంచి వచ్చే గంజాయే గుర్తుకొస్తుంది. ఆ భయం సరైనదే. సంచి అందిస్తే చాలు, డబ్బులిస్తామన్న మాట నమ్మి 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడిన కుర్రవాడికి, నేరం రుజువైతే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పదేళ్లకు తక్కువ కాకుండా శిక్ష పడుతుంది. అయితే డాక్టరు రాసే మందుల విషయంలో మన ఇళ్లలో ఆ జాగ్రత్త కనిపించదు.

ఒక రాత్రి షట్టరు దించే వేళకు ఒక కుర్రవాడు వచ్చాడు. మిగిలిన వాళ్లు వెళ్లేదాకా పక్కన నిలబడి, కోడీన్ ఉన్న దగ్గు మందు పేరు చెప్పి, మూడు సీసాలు కావాలన్నాడు. అతనికి దగ్గు లేదు. చెమటతో చొక్కా తడిసింది, ముక్కు కారుతోంది, మాటిమాటికీ ఆవలిస్తున్నాడు. అవి మందు అందనప్పుడు శరీరం పడే బాధకు గుర్తులు. చీటీ లేనిదే ఇవ్వనన్నాను. ఇలాంటి మందులను 2014 నుంచి, డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల హెచ్1 జాబితాలో చేర్చారు. అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చామన్నది ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కానీ ఆ రాత్రి అతనికి వైద్యం ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా పంపేశాను. అది నేటికీ నన్ను బాధిస్తోంది.

కోడీన్ కాలేయంలో కొంత మార్ఫిన్ అనే బలమైన మత్తు మందుగా మారుతుంది. ట్రమడాల్ నొప్పి బిళ్లలూ ఆ కోవకు చెందినవే. మోతాదు మించితే మెదడులో ఊపిరిని నడిపించే భాగం మందగిస్తుంది. దానికి మద్యమో నిద్ర బిళ్లో తోడైతే మనిషి నిద్రలోనే ఊపిరి ఆగి పోవచ్చు. అందరికీ తెలియని ప్రమాదం మరొకటుంది. వాడే కొద్దీ అదే మత్తుకు ఎక్కువ మోతాదు కావలసి వస్తుంది. కొన్ని వారాలు మానేస్తే శరీరానికి ఆ ఓర్పు తగ్గిపోతుంది. మానేసినవాడు ఒక్కసారికే కదా అని పాత మోతాదే వేసుకుంటే ప్రాణం పోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఆల్‌ప్రాజోలం వంటి నిద్ర బిళ్లలకు అలవాటుపడిన పిల్లవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. రోజూ విపరీతంగా తాగేవారికీ ఇదే వర్తిస్తుంది. వైద్యుడి పర్యవేక్షణలోనే మాన్పించాలి, బిళ్లలైతే మోతాదు మెల్లమెల్లగా తగ్గించాలి. పరువు పోతుందని దాచిన రోజులన్నీ జబ్బు ముదిరే రోజులే.

కేసు అవుతుందన్న భయంతో ఆగేవారూ ఉన్నారు. మత్తుకు బానిసై, వాడినందుకో కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసు పడినవారు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స కోరి పూర్తిగా చేయించుకుంటే, ఆ నేరానికి విచారణ నుంచి మినహాయింపును మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ఇస్తోంది. వ్యసన విముక్తికి జాతీయ సహాయ నంబరు 14446. ఆ నంబరు ఇప్పుడు నా కౌంటరు మీద రాసి ఉంది. వచ్చి అడిగినవారికి కాగితం మీదా రాసిస్తున్నాను, ఎవరి కోసమని అడగను.